పాత పంప్‌జాక్ కొనే ముందు గేర్‌బాక్స్ మూత తీయించండి

ప్రశ్న: మాది చిత్తూరు. గ్రానైట్ యూనిట్లకు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు గేర్‌బాక్సులు బాగుచేసే వర్క్‌షాపు ఇరవై ఏళ్లుగా నడుపుతున్నాను. గుజరాత్‌లోని మెహసానాలో చమురు బావుల దగ్గర కాంట్రాక్టు పనులు చేసే మా బావమరిది, అక్కడ అమ్మకానికి వచ్చిన మూడు పాత పంప్‌జాక్‌లు (బావిలోంచి చమురు తోడే, తల ఊపుతున్నట్టు కనిపించే యంత్రాలు) కొని, బాగుచేసి అమ్ముదామంటున్నాడు. కొత్తగా రంగు వేసి ఉన్నాయి. ఏం చూసి కొనాలి?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రంగును లెక్కలోకి తీసుకోకండి, నేమ్‌ప్లేట్ చదవండి. దాని మీద సి-320డి-256-100 అని ఉందనుకుందాం. సి అంటే మామూలు రకం; 320 అంటే గేర్‌బాక్స్ 3,20,000 అంగుళ-పౌండ్ల టార్క్ (తిప్పే బలం) వరకు తట్టుకుంటుందని; డి అంటే వేగం రెండంచెల్లో తగ్గుతుందని; 256 అంటే బావిలోని పంపును కదిపే రాడ్ల వైపు 25,600 పౌండ్లు, అంటే సుమారు 11.6 టన్నుల బరువును మోయగలదని. 100 అంటే స్ట్రోక్ (రాడ్లు ఒకసారి పైకి లేచే దూరం) గరిష్ఠంగా 100 అంగుళాలని అర్థం. గేర్‌బాక్స్‌కు విడిగా ఉన్న ప్లేటు కూడా చూసి, రెండింటిలోనూ టార్క్ అంకె ఒకటేనా అని సరిపోల్చుకోండి. ఎప్పుడైనా అసలుదాన్ని తీసి చిన్న గేర్‌బాక్స్ బిగించి ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

ఖరీదైన భాగం గేర్‌బాక్సే, అది మీ చేతి పనే కావడం మంచిదైంది. మూత తీయించి, టార్చి వేసి, పళ్లన్నీ కనిపించేలా క్రాంక్‌ను (గేర్‌బాక్స్ తిప్పే చేతిని) ఒక పూర్తి చుట్టు తిప్పించండి. అడుగు నూనెను రెండు వేళ్ల మధ్య రుద్దితే మెరిసే పొడి తగిలినా, నూనె పాలలా తెల్లబడి ఉన్నా జాగ్రత్త పడాలి. మొదటిది లోహం అరుగుతోందనడానికి, రెండోది నీరు చేరిందనడానికి గుర్తు. పళ్లు ఒక వైపే అరిగి, రెండో వైపు నున్నగా ఉంటే నిరాశపడనక్కరలేదు, ఎందుకంటే మామూలు రకం యంత్రాన్ని ఎదురు దిశలో తిప్పి ఆ రెండో వైపును వాడుకోవచ్చు. మార్క్-2 అనే వేరే రకం పంప్‌జాక్‌కు మాత్రం ఆ వీలు లేదు.

తర్వాత క్రాంక్‌పిన్ రంధ్రాలు చూడండి. పిన్ను వదులుగా ఆడి రంధ్రం కోలగా మారితే, పిట్‌మన్ (క్రాంక్‌ను పై దూలానికి కలిపే కడ్డీ) ఊడి మొత్తం యంత్రమే విరిగిపడే ప్రమాదం ఉంది కనుక అలాంటి క్రాంక్‌ను నేను కొనను. వాకింగ్ బీమ్ (పైన ఊగే పొడవాటి దూలం) మీద కొత్త రంగు కింద వెల్డింగ్ అతుకులున్నాయేమో గీకి చూడాలి. కౌంటర్‌వెయిట్‌లు (రాడ్ల బరువుకు సరితూగేలా క్రాంక్‌కు బిగించే బరువులు) అన్నీ ఉన్నాయా అన్నది తప్పక లెక్కపెట్టుకోండి, ఎందుకంటే అవి తగ్గితే బరువంతా గేర్‌బాక్స్ మీదా మోటారు మీదా పడుతుంది.

ఇవన్నీ సరిపోయినా, కొనబోయేవారి బావి లోతు, రాడ్ల బరువు, రోజుకు తోడాల్సిన ద్రవం ఎంతో బావమరిది రాతపూర్వకంగా తెచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. ఆ లెక్కకు సరిపోని యంత్రం ఎంత చవకగా వచ్చినా మీ షెడ్డులోనే మిగిలిపోతుంది.

విప్పేటప్పుడు బ్రేకు ఒక్కదాన్నే నమ్మవద్దు. క్రాంక్‌ను కిందికి వేలాడే స్థితికి తెచ్చి, గొలుసుతో కట్టిన తర్వాతే కౌంటర్‌వెయిట్ బోల్టు మీద స్పానర్ పెట్టమని మీ కుర్రాళ్లకు చెప్పండి.