నాన్న చెప్పని కథను వెతకవచ్చా?

ప్రశ్న: మాది చెన్నైలోని పెరంబూరు. నాకు 44 ఏళ్లు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా పాపను బడిలో వంశవృక్షం గీసి తెమ్మన్నారు. మా తాతయ్య, నాయనమ్మ కాకినాడ దగ్గరి పల్లె నుంచి బర్మాలోని రంగూన్ వెళ్లి, 1942లో యుద్ధం వల్ల కాలినడకన తిరిగి వచ్చారు. తర్వాత తాతయ్యకు ఇక్కడి రైలు పెట్టెల కర్మాగారంలో ఉద్యోగం దొరికింది. వాళ్ల తొలి బిడ్డ, ఒక ఆడపిల్ల, ఆ దారిలోనే పోయిందని లీలగా తెలుసు. మహాలయ అమావాస్యనాడు నాయనమ్మ ఒక విస్తరి అదనంగా వేసేది. ఎవరికని అడిగితే చెప్పేది కాదు. ఆ పాప పేరేమిటని మా నాన్నను (78) అడిగితే, "పోయినవాళ్ల జోలి మనకెందుకు?" అని లేచి వెళ్లిపోయారు. రెండు రోజులు సరిగా భోజనం చేయలేదు. మా అన్నయ్యేమో ఊళ్లో పొలం కోసమే ఇదంతా తవ్వుతున్నానని అనుమానిస్తున్నాడు. దీనివల్ల ఒరిగేదేమిటని మావారు అడుగుతున్నారు. చిన్నప్పుడు నాన్న నన్ను ఒక్క విహారయాత్రకైనా పంపలేదు. సెంట్రల్ స్టేషన్‌కు వెళితే తన కండువా కొస నా మణికట్టుకు కట్టి నడిపించేవారు. స్నేహితురాళ్లు నవ్వేవారు. ఆ కోపం నాలో ఇంకా ఉంది. మనవరాలిని మాత్రం నెలకోసారి బర్మా బజారు వైపు తీసుకెళ్లి అత్తో (బర్మా నూడుల్స్) తినిపించి తెస్తారు. తాతయ్య చెల్లెలు కాకినాడలో ఉన్నారు, 90 దాటాయి. నేను వెతకడం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. వెతకండి. ఎలా వెతకాలో, ఎక్కడ ఆగాలో మాత్రం మనం కొంచెం మాట్లాడుకోవాలి.

మీరు అడిగింది వంశవృక్షం గురించి. మధ్యలో కండువా సంగతి రెండు మాటల్లో రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. ఓడరేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ తెలుగువాళ్లు ఎందరో పనిచేసేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి తొలినాళ్లలో వెళ్లినవాళ్ల వల్ల అక్కడ తెలుగువాళ్లందరికీ కోరంగీలన్న పేరే పడింది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఓడల్లో చోటు దొరికినవాళ్లు కొందరే. మిగిలినవాళ్లు లక్షల సంఖ్యలో నడిచారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, మరికొందరు చింద్విన్ నది మీదుగా మణిపూర్ వైపు. కలరా, మలేరియా, ఆకలి. ఎంతమంది పోయారో సరైన లెక్క ఎవరూ రాయలేదు. ఆ బాటలో మొదటి బిడ్డను పోగొట్టుకున్న దంపతులకు కొన్నేళ్ల తర్వాత పుట్టిన కొడుకు మీ నాన్నగారు.

ఆయన ఆ దారి చూడలేదు. ఆ దారిలో నడిచి వచ్చిన అమ్మ చేతుల్లో మాత్రం పెరిగారు. సంతలోనో జాతరలోనో ఆవిడ ఆయన చేతిని ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందో ఊహించండి. మూటలు, తోపులాట, ఎవరి పిల్లలెక్కడో తెలియని కంగారు ఉండే సెంట్రల్ స్టేషన్‌లో ఆయన మీ మణికట్టుకు కండువా కట్టారంటే, అందులో మీ మీద అపనమ్మకం ఉందని నాకు అనిపించడం లేదు. ఇది నా ఊహ మాత్రమే. ఆయన నోటితో చెబితే తప్ప ఖాయం కాదు. కానీ సలహా కోసం మా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో ఇలాంటిది తరచుగా చూస్తుంటాను. భయం ఒక తరం నుంచి మరో తరానికి చేరుతుంది, దాని కారణం మాత్రం దారిలో ఎక్కడో జారిపోతుంది. కారణం తెలియని భయం పిల్లల కంటికి పెత్తనంలా కనిపిస్తుంది. మీ కోపం అక్కడ పుట్టినదే కావచ్చు. ఒరిగేదేమిటని అడిగిన మీవారికి నేను ముందుగా చెప్పే జవాబు ఇదే. నలభై నాలుగేళ్ల వయసులో మీరు మీ నాన్నను మళ్లీ కొత్తగా చూడగలిగితే, అంతకంటే ఏం కావాలి?

మీవారు నమ్మే లాభాలు కూడా ఉన్నాయి. వైద్యుడి దగ్గరకు వెళితే ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని అడుగుతారు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి చికిత్సలో లెక్కలోకి వస్తుంది. "తాతయ్య ఏదో నొప్పితో పోయారు" అంటే వైద్యుడికి ఏమీ తెలియదు. ఏ వయసులో, ఏ జబ్బుతో అన్నది కావాలి. షుగరు, రొమ్ము క్యాన్సరు, చిన్న వయసులో పక్షవాతం, పుట్టిన కొద్దికాలానికే పోయిన పిల్లలు, మేనరికాలు, ఇవన్నీ అడిగి రాసుకోండి. మన ఇళ్లలో మేనరికాలు మామూలే కాబట్టి ఆ వివరం వదలకండి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి జరిగితే, తల్లి వైపూ తండ్రి వైపూ నిద్రాణంగా ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసి బయటపడే అవకాశం పెరుగుతుంది. రేపు మీ పాపకు అది పనికొచ్చే సమాచారం.

ఇక పాప సంగతి. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇరవై ప్రశ్నలు తయారుచేశారు. మీ అమ్మానాన్నలు ఎక్కడ కలిశారు, తాతలు ఎక్కడ పెరిగారు, ఇంట్లో ఎవరికి ఏ కష్టం వచ్చింది, ఇలాంటివి. వీటికి ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం, తమ జీవితం తమ చేతిలో ఉందన్న భావన ఎక్కువగా కనిపించాయి. జవాబులు బట్టీ పట్టిస్తే ఆ ఫలితం రాదని డ్యూక్ స్వయంగా హెచ్చరించారు. ఆ కథలు చెప్పుకోవడానికి ఇంటిల్లిపాదీ కూర్చునే అలవాటులోనే అసలు బలం ఉందని ఆయన భావన. చెన్నైలో పెరిగే తెలుగు పిల్లలకు ఇది మరీ అవసరమని నేను అనుకుంటాను. ఇక్కడ ఆంధ్రావాళ్లంటారు, ఊరెళితే అరవవాళ్లంటారు. తాతయ్య రంగూన్ నుంచి నడిచి వచ్చి ఈ పెరంబూరులో నిలదొక్కుకున్నాడని తెలిసిన పిల్లకు ఈ రెండు మాటల మధ్య నిలబడే చోటు దొరుకుతుంది.

ఇప్పుడు మీ నాన్నగారి దగ్గరకు వద్దాం. మీరు ఆయనను నేరుగా అన్నిటికంటే పెద్ద గాయం గురించే అడిగారు. అది మీ తప్పు కాదు, బడి కాగితం అడిగిన వరుసలో మీరు అడిగారు. ఇకనుంచి ఆ పాప పేరు మీరై ఎత్తకండి. ఆయనకు ఇష్టమైన చోట మొదలుపెట్టండి. ఆ చోటు మీ ఉత్తరంలోనే ఉంది, అత్తో పళ్లెం. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చాక తిరిగివచ్చిన కుటుంబాల వల్ల నిలిచిన బజారు అది. మీ తాతయ్య వాళ్లు అంతకు ఇరవై ఏళ్ల ముందే వచ్చేశారు. అయినా మీ నాన్నగారు తాను పుట్టని దేశపు రుచిని మనవరాలికి నెలనెలా తినిపిస్తున్నారు. జోలి మనకెందుకు అన్న మనిషి చేసే పని కాదది. ఆయన చెబుతూనే ఉన్నారు, నోటితో కాదంతే.

నాయనమ్మ ఏం వండేది, ఇంట్లో బర్మా మాటలేమైనా దొర్లేవా, వెంట తెచ్చుకున్న వస్తువేదైనా మిగిలిందా? ఒక పూటకు ఒక ప్రశ్న చాలు. పగటిపూట అడగండి, పడుకునే ముందు వద్దు. ఫోనులో రికార్డు చేయాలనుకుంటే ఆయనకు చెప్పి చేయండి. ఆయన ఆగితే మీరూ ఆగండి. మీకంటే మీ పాప అడిగితే మేలని నాకనిపిస్తోంది. కన్నకూతురికి చెప్పలేనిది మనవరాలికి చెప్పిన తాతలను చాలామందిని చూశాను. ఒకవేళ మాట్లాడాక నిద్ర, తిండి చాలారోజులు దెబ్బతింటే వెంటనే వైద్యుడికి చూపించండి. ఆయన ఆరోగ్యం ముందు, కథ తర్వాత.

కాకినాడలో ఉన్న పెద్దావిడ విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. అలాగని నాన్నకు తెలియకుండా వెళ్లకండి. "మీ మేనత్తను చూసి రావాలనుంది, మీరూ వస్తారా నాన్నా?" అని అడగండి. రానంటే మీరూ పాపా వెళ్లండి. ఆవిడను ఇంటిపేరు, ఊరి పేర్లు, పుట్టింటి సంగతులు, పెళ్లిళ్లు అడగండి. ముఖ్యంగా ఆడవాళ్ల పేర్లు. మన వంశవృక్షాల్లో కొడుకుల పేర్లు చెట్టంత పెరుగుతాయి, కూతుళ్లు పెళ్లి దగ్గర మాయమవుతారు. ఆ పాప పేరు ఆవిడ తనంతట తాను చెబితే వినండి. మీరు మాత్రం నాన్న వెనక దాన్ని రాబట్టవద్దు. ఆ పేరు ముందు ఆయన తోబుట్టువుది, తర్వాతే మీ మేనత్తది.

కాగితాలు కూడా చూడాలనుకుంటే, మీరున్న నగరంలోనే పెద్ద గని ఉంది. ఎగ్మోర్‌లోని తమిళనాడు రాష్ట్ర అభిలేఖాగారంలో పాత మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులున్నాయి. కాకినాడ ప్రాంతం అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోదే. బర్మా నుంచి తిరిగివచ్చినవాళ్ల గురించి నాటి కేంద్ర ప్రభుత్వం నడిపిన దస్త్రాలు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి, వాటి జాబితాలను అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో ఇంటి నుంచే వెతకవచ్చు. ఒక చిక్కు గుర్తుంచుకోండి. మీ పూర్వులు ఇల్లు కదలకుండానే వాళ్ల జిల్లా పేరు మారుతూ వచ్చింది. 1925 దాకా గోదావరి జిల్లా, తర్వాత తూర్పు గోదావరి, 2022 నుంచి కాకినాడ జిల్లా. పాత పేరుతో వెతక్కపోతే దొరకవు. ఒక పసిపిల్ల పేరు ఆ కాగితాల్లో కనిపిస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. పాత జనన రిజిస్టర్లలో చాలాచోట్ల తండ్రి పేరు, ఆడో మగో అన్నది తప్ప బిడ్డ పేరే ఉండదు. మీకు కావలసిన రికార్డు బతికున్న ఇద్దరు ముగ్గురు మనుషుల్లోనే ఉంది.

మీ అన్నయ్యతో దాపరికం వద్దు. పొలం కాగితాల జోలికి పోనని ముందే చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. దొరికిన ప్రతి ఫోటో, ప్రతి పేరు ఆయనకూ పంపండి. ఆయన చిన్నతనంలో కూడా ఆ కండువా ఉండే ఉంటుంది. ఒకసారి అడిగి చూడండి.

బడి పటానికి మా వృత్తిలో వాడే పద్ధతి చెబుతాను. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం గీస్తాం. పోయినవారి గుర్తు మీద ఇంటూ పెడతాం. మీ నాన్నగారి చతురస్రానికి ఎడమపక్కన, తొలి సంతానం ఉండవలసిన చోట, ఒక వృత్తం గీయమని పాపకు చెప్పండి. పేరు దగ్గర ఖాళీ వదిలి, 1942 అని రాసి, అలాగే బడిలో ఇవ్వండి. మరో ప్రతి ఇంట్లో, నాన్న కంటికి ఆనే చోట ఉంచండి. దాని గురించి ఏమీ అనకండి.

కాకినాడ వెళ్లే రైల్లో మూడు టికెట్లు తీయండి, ఆయన రానన్నా సరే. వస్తే, స్టేషన్‌లో జనం మధ్య ఆయన మనవరాలి చేయి గట్టిగా పట్టుకుంటారు. విడిపించుకోవద్దని పాపకు ముందే చెప్పి ఉంచండి.