15 నిమిషాల షార్ట్ ఫిల్మ్: 16 ఎంఎం మీద తీయాలా, డిజిటల్‌లోనా?

సొంతంగా తీస్తున్న మొదటి షార్ట్ ఫిల్మ్‌కి 16 ఎంఎం వాడాలా, డిజిటలా అని అడిగారు. లుక్ సంగతి తర్వాత. ముందు ఫుటేజీ లెక్క వేయండి, సగం నిర్ణయం అక్కడే తేలిపోతుంది.

సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 16 ఎంఎం నిమిషానికి 36 అడుగులు తింటుంది. ఫ్రేముకి నాలుగు పెర్ఫొరేషన్లు (అంచు రంధ్రాలు) ఉండే 35 ఎంఎం అయితే 90 అడుగులు. నిమిషం సినిమాకి ఎనిమిది నిమిషాలు షూట్ చేస్తారనుకుంటే 15 నిమిషాలకి మొత్తం 120 నిమిషాలు. 16లో అది 4,320 అడుగులు, అంటే 400 అడుగుల రోల్స్ 11. 35లో 27 రోల్స్. లోడింగ్‌లో పోయేది, రోల్ చివర మిగిలే ముక్కలు కలుపుకుని 16కి 13 రోల్స్ దగ్గర పెట్టుకోవాలి. డెవలపింగ్, స్కానింగ్ ఖర్చు వేరే. ఈ మొత్తం చూసి గుండె జారితే డిజిటల్‌కే వెళ్లండి. ఇంకో టేక్ అడగడానికి భయపడుతూ తీసిన ఫిల్మ్ కన్నా నటులకు తీరిక ఇచ్చి తీసిన డిజిటల్ ఎంతో మేలు.

అసలు తేడా ఎక్స్‌పోజర్‌లో ఉంది. కలర్ నెగిటివ్ వెలుతురు ఎక్కువైతే తట్టుకుంటుంది, తక్కువైతే తట్టుకోదు. నీడల్లో పడాల్సిన వివరం పడదు. స్కాన్‌లో దాన్ని పైకి లాగితే గ్రెయిన్ (ఫిల్మ్ రేణువుల గరుకు) లేస్తుంది, నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది. అందుకే చాలామంది 500టి స్టాక్‌కి (బల్బు వెలుతురుకి తగ్గట్టు చేసిన, స్పీడ్ 500 ఉన్న ఫిల్మ్) లైట్ మీటర్‌ని 320 దగ్గర పెడతారు, అంటే స్టాపులో మూడింట రెండు వంతులు అదనం (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు). పగటిపూట ఈ స్టాక్‌కి 85 ఫిల్టర్ (పగటి నీలిని సరిచేసే నారింజ రంగు ఫిల్టర్) తగిలిస్తే అది స్టాపులో మరో మూడింట రెండు వంతులు మింగుతుంది కాబట్టి మీటర్ 200కి రావాలి.

డిజిటల్‌లో ఇది తలకిందులు. కిటికీ, బల్బు, నుదుటి మీద మెరుపు క్లిప్ అయ్యాయంటే (వివరం లేకుండా పూర్తిగా తెల్లబడ్డాయంటే) ఇక తిరిగి రావు. హైలైట్లు పోతున్నాయని చాలామంది ఐఎస్ఓ (కెమెరా సెన్సిటివిటీ సెట్టింగ్) తగ్గిస్తారు. లాగ్‌లోనో రాలోనో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వివరం మిగిల్చే రికార్డింగ్ పద్ధతులు) తీసేటప్పుడు దాని ఫలితం రివర్స్‌లో ఉంటుంది: తగ్గించినందుకు ఐరిస్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) తెరుస్తారు, సెన్సర్ మీద వెలుతురు పెరుగుతుంది, హైలైట్ల వైపు మిగిలే స్టాపులు తగ్గుతాయి. ఎండలో ఐఎస్ఓ పెంచి, ఎన్‌డీ ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుతురు తగ్గించేది) వేయండి. నీడల్లో కాస్త నాయిస్ వస్తుంది, దాన్ని భరించవచ్చు.

ఫిల్మ్‌లో తప్పు జరిగితే సెట్‌లో కనిపించదు, ల్యాబ్ నుంచి వచ్చాకే బయటపడుతుంది. కాబట్టి షూట్‌కి ముందు ప్రతి మ్యాగజైన్‌లోనూ (కెమెరాకి తగిలించే ఫిల్మ్ పెట్టె) పనికిరాని రోల్ ఒకటి ఎక్కించి నడిపి, గీతలు పడుతున్నాయేమో చూడండి. లూప్ (గేట్ దగ్గర ఫిల్మ్‌ని వదులుగా వదిలే వంపు) సైజు తప్పితే కెమెరా చప్పుడు మారుతుంది. వెంటనే ఆపి తెరవాలి. ఓకే అనుకున్న టేక్ తర్వాత లెన్స్ విప్పి, టార్చ్ వేసి గేట్ (వెలుతురు ఫిల్మ్ మీద పడే చట్రం) అంచులు చూడాలి. ఎమల్షన్ (ఫిల్మ్ మీది పూత) పొట్టు వెంట్రుకలా అంటుకుని ఉంటే చెక్కపుల్లతోనే తీయండి, లోహం తగలనివ్వకండి. తీశాక ఆ టేక్ మళ్లీ చేయాల్సిందే. ఇది చూసే అసిస్టెంట్ లేకపోతే నేనైతే ఫిల్మ్ వద్దనే అంటాను.

డిజిటల్‌లో దీనికి బదులు డేటా పని. ప్రతి కార్డునూ చెక్‌సమ్‌తో (కాపీ అసలుతో సరిపోయిందో చూసే లెక్క) రెండు వేర్వేరు డ్రైవ్‌లకు కాపీ చేసి, ఫుటేజీ తెరిచి చూశాకే ఫార్మాట్ చేయాలి.

ఇక లుక్. గ్రెయిన్ తర్వాతైనా కలుపుకోవచ్చు. చర్మం మీద, ఆకాశంలో వెలుతురు మెల్లగా తెల్లబడే తీరు కోసమైతే ఫిల్మ్‌కి ఖర్చు పెట్టవచ్చు. మీ కథంతా ఎండలో జరిగితే 16 మంచి ఎంపిక. రాత్రి వీధిదీపాల కింద జరిగితే డిజిటలే.

ఫిల్మే అనుకుంటే మరో జాగ్రత్త. ఫ్రిజ్‌లో ఉంచిన డబ్బాను గది వేడికి వచ్చాకే తెరవండి, లేకపోతే తేమ పడుతుంది. విమానంలో తీసుకెళ్తే చెక్-ఇన్ లగేజీలో వేయకండి, అక్కడి ఎక్స్‌రేకి ఫిల్మ్ ఫాగ్ అవుతుంది (మసకబారుతుంది). వెంట ఉంచుకుని, స్కానర్‌లో పెట్టకుండా చేత్తో తనిఖీ చేయమని అడగండి.