మైక్రోబిట్ కొనాలా, ఫౌండేషన్‌కి కట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. స్కూల్లో ‘మైక్రోబిట్’ అనే చిన్న బోర్డు చూపించారట, అప్పటి నుంచి కొనివ్వమని ఒకటే గోల. మావారేమో ‘అది ఆటబొమ్మ, ఆ డబ్బు ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్‌కి కట్టు’ అంటున్నారు. దీనివల్ల రేపు ఉద్యోగానికి ఏమైనా లాభం ఉంటుందా? – ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఉద్యోగం మాట కాసేపు పక్కన పెడదాం. ఏడో తరగతి పిల్లవాడికి ఏ బోర్డూ ఉద్యోగం తెచ్చిపెట్టదు. అలాగని అది ఆటబొమ్మా కాదు, పిల్లలే ప్రోగ్రామ్ రాసి నడిపించుకునే బుల్లి కంప్యూటర్. 2016లో బీబీసీ బ్రిటన్‌లో దాదాపు 10 లక్షల బోర్డులు ఉచితంగా పంచింది, అదీ మీవాడి ఈడు పిల్లలకే. 4 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల పొడవు. అందులోనే 25 చిన్న లైట్లు, రెండు బటన్లు, కదలికనీ దిక్కునీ వేడినీ పసిగట్టే సెన్సర్లు.

ఈ మధ్య ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి నా ముందే దాంతో గది ఉష్ణోగ్రత చూసింది. బోర్డు 33 అంటోంది, గోడ మీది థర్మామీటర్ 30. ప్రోగ్రామ్‌లో తప్పుందేమోనని మూడుసార్లు చెరిపి రాసింది. చివరికి తేలిందేమిటంటే, బోర్డు చూసేది గాలి వేడిని కాదు, తన ప్రాసెసర్ వేడిని. వెంటనే 3 తీసేసే లైను ఒకటి కలిపింది. బీటెక్ మూడో ఏడాదిలో కూడా ఎర్రర్ రాగానే పక్కవాడి కోడ్ ఎక్కించుకునే పిల్లల్ని చాలామందిని చూశాను. అందుకే ఆ పావుగంట విలువ నాకు తెలుసు.

అయినా ఇప్పుడే కొనకండి. ఈ బోర్డుకి ప్రోగ్రామ్‌లు రాసే మైక్రోసాఫ్ట్ వాళ్ల మేక్‌కోడ్ సైట్ ఉచితం. తెర మీదే బోర్డు ఉంటుంది, ఆదేశాలుండే బ్లాకులు పేర్చి నడిపించుకోవచ్చు. ఒక నెల చేయనివ్వండి. మీ స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కూడా కనుక్కోండి. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలు ఇలాంటివి చేసి చూసుకోవడానికే పెట్టిన ల్యాబులవి. బీరువాలో తాళం వేసిన కిట్లు బయటికి రావాలంటే మీలాంటి తల్లులు అడగాలి.

ఆ నెలలో ఒక్కటి గమనించండి. వీడియో చూసి చేసి ఆపేస్తున్నాడా, ‘దీన్ని ఇలా మారిస్తే?’ అంటున్నాడా? రెండోదైతే నిశ్చింతగా కొనండి. బోర్డు ఒక్కటి చాలు, వేలు పోసి సర్టిఫికెట్ కోర్సులు వద్దు. తులసి కుండీలో రెండు మేకులు గుచ్చి, క్లిప్పులతో బోర్డుకి కలపమనండి. మట్టి తడిని బట్టి 0 నుంచి 1023 లోపు ఒక అంకె వస్తుంది. ఎంతకు తగ్గితే నీళ్లు పోయాలో వాడే తేల్చుకోవాలి. మీ కుండీ మట్టి సంగతి ఏ వీడియోలోనూ ఉండదు కదా!

ఫౌండేషన్ ఏడో తరగతికి అక్కర్లేదన్నది నా గట్టి అభిప్రాయం. స్కూలు లెక్కలు మాత్రం వదలనివ్వకండి. బోర్డులో ఏ లైటు వెలగాలో చెప్పాలన్నా అడ్డం, నిలువు స్థానాలు చెప్పే ఎక్స్, వై తెలియాలి.

పదో తరగతికి కూడా వైర్లు, బోర్డుల మీదే మనసుంటే ఇంటర్ ఎంపీసీ ఒక్కటే దారి కాదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) డిప్లొమా చేసి, డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ పరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. చేతులతో పనిచేస్తే గానీ తృప్తి లేని పిల్లలకు ఆ దారి బాగా నప్పుతుంది.

ఈ ఆదివారం మేక్‌కోడ్ తెరిచి, మొదటి ప్రోగ్రామ్‌గా వాళ్ల నాన్న పేరు లైట్లలో నడిపించమనండి. మీవారిని పక్కనే కూర్చోబెట్టండి.