వెనకవైపు కుట్టు వంకర, అచ్చు మసక: తోలుపనిలో చేయి తిరగాలంటే

ముందువైపు కుట్టు బాగానే వస్తోంది గానీ తిప్పి చూస్తే వెనకవైపు వంకరటింకరగా ఉంటోందని, పనిముట్టుతో తోలు మీద కొట్టే అచ్చులు కూడా ఒకటి లోతుగా, ఇంకొకటి అంటీ అంటనట్టు పడుతున్నాయని అడిగారు. నేనూ తీరిక దొరికినప్పుడల్లా తోలుపని చేస్తుంటాను. నేను చూసినంతవరకు వీటికి కారణం చేతిలో బలం లేకపోవడమో, ఖరీదైన పనిముట్లు లేకపోవడమో కాదు. కుట్టు బాగోగులు బెజ్జం దగ్గర, అచ్చు బాగోగులు తడి దగ్గర ముందే తేలిపోతాయి.

ముందు కుట్టు సంగతి. ఆర, అంటే బెజ్జాలు వేసే మొనదేలిన పనిముట్టు, తోలులోకి కాస్త ఏటవాలుగా దిగినా, ముందువైపు గీత మీదే కనిపిస్తుంది, వెనక మాత్రం పక్కకు తేలుతుంది. అందుకే తుక్కు ముక్కల మీద కొన్నాళ్లు దారం లేకుండా బెజ్జాలే వేయండి. వేసిన ప్రతిసారీ వెనక్కి తిప్పి చూసుకోండి. వెనక వరస తిన్నగా వచ్చాకే సూది పట్టండి.

ఒకే దారం, రెండు కొసలకు రెండు సూదులు. మొదటి సూది అవతలికి లాగాక, ఆ దారాన్ని బెజ్జంలో ఒక పక్కకు లాగి పట్టుకుని రెండో సూదిని మిగిలిన సందులో దూర్చండి. పూర్తిగా లాగేముందు మొదటి దారాన్ని కొంచెం ముందుకూ వెనక్కూ కదపండి. జారితే సరే. ఇరుక్కుందంటే సూది దారాన్ని పొడిచినట్టే, వెనక్కి తీసి మళ్లీ దూర్చండి. ఏ సూది ముందు, దారానికి పైనుంచా కిందనుంచా అనే వరస మొదటి కుట్టు నుంచి చివరిదాకా మారకూడదు. మధ్యలో ఒక్కచోట మారినా ఆ కుట్టు వాలు వేరుగా కనిపిస్తుంది. రెండు చేతులతో సమానంగా లాగండి. గట్టిగా బిగించాలనే ఆత్రం వద్దు, దారం తోలుకు ఆనుకుంటే చాలు.

బెజ్జాల మధ్య 4 మి.మీ. ఉంటే 0.8 మి.మీ. దారం, 3 మి.మీ. ఉంటే 0.6 మి.మీ. దారం నప్పుతాయి. కుట్టు పొడవుకు నాలుగింతలు దారం తీసుకోండి, తోలు మందంగా ఉంటే ఇంకొంచెం. మీకు తోలును బిగించి పట్టుకునే పట్టుగొయ్య లేకపోతే అది మాత్రం తప్పకుండా సమకూర్చుకోండి. రెండు చేతులూ ఖాళీగా లేకుండా ఈ కుట్టు కుదరదు.

ఇక అచ్చులు. వెజిటబుల్ టాన్ తోలు, అంటే చెట్ల బెరడు లాంటివాటితో పదును చేసిన తోలు మీదే ఇవి నిలుస్తాయి. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ టాన్ తోలు మీద ఎంత కొట్టినా సరిగ్గా నిలవవు, కాబట్టి మీ తోలు ఏ రకమో ముందు కనుక్కోండి. మొదట్లో 3 మి.మీ. మందం ఉన్నది తీసుకుంటే లోతు తెలుస్తుంది.

స్పాంజితో అంతటా సమంగా తడపండి. వెంటనే కొట్టకండి. తడికి ముదిరిన రంగు మెల్లగా తేలికపడుతుంది. పైన దాదాపు మామూలు రంగు వచ్చి, చేతి వెనకభాగం ఆనిస్తే నీళ్లు పోసిన కొత్త కుండను తాకినట్టు ఇంకా చల్లగా ఉండాలి. అదీ అదును. అప్పుడు కొడితే అచ్చు పడినచోట ముదురు రంగు తేరుతుంది, అంచులు స్పష్టంగా వస్తాయి. నాకు ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే. తడి ఎక్కువైతే గీతలు అలుక్కుపోతాయి, తక్కువైతే పైపైనే ఆగిపోతాయి. ఒకే ముక్కను తడిపి, ఆరుతున్నకొద్దీ అదే అచ్చు పక్కపక్కనే కొట్టుకుంటూ పోండి, తేడా మీ కంటికే కనిపిస్తుంది.

ఒక పక్క లోతుగా పడుతోందంటే అచ్చు పనిముట్టు వాలుతోందన్నమాట. చిటికెన వేలు తోలు మీద ఆనించి అచ్చు నిలబెట్టండి. కింద కదలని రాతిపలక ఉండాలి. ఇనుప సుత్తి వద్దు, అచ్చు తల పాడవుతుంది. కొయ్యదో ప్లాస్టిక్‌దో వాడండి.

అచ్చులు కొట్టేటప్పుడు తోలు కొంచెం సాగుతుంది. అందుకే ముందు అచ్చులు కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే అసలు కొలతకు కోసి బెజ్జాలు వేయండి.