మంచె ఎక్కాలా, మాటున కూర్చోవాలా?

"అన్నా, నవంబరొస్తే మా ఆఫీసులో సగం మంది జింకల వేటకి పోతరట. ఈసారి నన్నూ రమ్మన్నరు. ఒకాయన చెట్టెక్కి కూర్చునే ట్రీ స్టాండ్ కొనమంటడు, ఇంకొకాయన నేల మీది గ్రౌండ్ బ్లైండే నయమంటడు. ఏది కొనాలె?" మాడిసన్‌కి ఈ మధ్యే వచ్చిన ఒక తమ్ముడు అడిగిన మాట ఇది. విస్కాన్సిన్‌లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ పిలుపు మీకూ వస్తుంది. థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలయ్యే తొమ్మిది రోజుల తుపాకీ సీజన్ ఇక్కడివాళ్లకి మన సంక్రాంతి లాంటిది. మనూళ్లో జింక మీద చెయ్యి వేస్తే జైలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తెలిసి పెరిగినవాళ్లం కాబట్టి మొదట్లో మనసు కాస్త తడబడుతుంది. నాకూ తడబడింది.

సామాన్లు కొనేముందు కాగితాలు చూసుకో తమ్ముడూ. హెచ్-1బి, ఎఫ్-1, హెచ్-4 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. అంటే లైసెన్స్ చేతికి రాకముందు దోస్తు తుపాకీ పట్టుకుని ఫొటో దిగడం కూడా ప్రమాదమే. సీజన్ అయ్యాక, లైసెన్స్ గడువు తీరాక, తుపాకీ ఇంట్లోనే ఉండిపోతే అదింకో తలనొప్పి. నా మాటనే పట్టుకోకుండా ఒకసారి లాయర్ని అడుగు. ఈ గొడవంతా ఎందుకని విల్లో, తుపాకీలా గురిపెట్టి బాణం వదిలే క్రాస్‌బోనో ఎంచుకున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. 2014 నుంచి ఈ రాష్ట్రంలో క్రాస్‌బోకి అందరికీ సీజన్ ఉంది.

1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి తీరాలి. కోర్సు లేకుండా వెళ్లాలంటే మెంటర్, అంటే అనుభవమున్న వేటగాడి కింద వెళ్లొచ్చు. కానీ ఆయన నీకు చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉండాలి. నీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. ఒక్క మనిషి పట్టే స్టాండ్ మీద ఇద్దరు ఎలా కూర్చుంటారు?

ట్రీ స్టాండ్ అంటే మన చేలో పిట్టల్ని తోలడానికి కట్టే మంచె అనుకో. కాకపోతే ఇది ఇనుముతోనో అల్యూమినియంతోనో చేసిన బుల్లి కుర్చీ. పదిహేను, ఇరవై అడుగుల ఎత్తులో చెట్టుకి పట్టీలతో బిగిస్తారు. గ్రౌండ్ బ్లైండ్ అంటే నేల మీద మాటు. గొడుగులా తెరుచుకునే గుడ్డ గుడారం, నాలుగు వైపులా కిటికీలు, లోపల మడత కుర్చీలు.

మొదటి ఏడాది నేల మీదే కూర్చో. మొహమాటం లేకుండా చెప్తున్నా. కొత్తవాడు కుదురుగా కూర్చోలేడు. అరగంటకోసారి ఫోన్ తీస్తాడు, ఫ్లాస్కు మూత తిప్పుతాడు. గుడారంలో ఆ కదలికలు బయటికి కనబడవు. చలిగాలి కొంత ఆగుతుంది. నవంబరు చివర్లో ఇరవై అడుగుల ఎత్తున గాలికి కూర్చుంటే ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో లెక్కపెట్టొచ్చు. పిల్లాణ్ణి తీసుకెళ్లాలన్నా, విల్లు లాగేటప్పుడు జింక కంట పడకుండా ఉండాలన్నా గుడారమే నయం.

అయితే పొద్దున తెచ్చి పొద్దున్నే వేస్తే పని కాదు. నిన్న లేని దిబ్బ ఇవాళ కనబడితే జింక బెదురుతుంది. ప్రైవేటు భూమిలోనైతే రెండు మూడు వారాల ముందే వేసి, చుట్టూ అక్కడి కొమ్మలూ గడ్డీ దోపాలి. కిటికీలన్నీ తెరిస్తే వెనక వెలుతురులో నీ నీడ తోలుబొమ్మలా ఆడుతుంది. రెండు తెరిచి, మిగతావి మూసి, చీకటి మూలకి జరిగి కూర్చో. తుపాకీ సీజన్లో నడుము పైన వేసుకున్న బట్టల్లో సగమైనా నిప్పులాంటి నారింజ రంగో, మెరిసే గులాబీ రంగో ఉండాలి. ప్రభుత్వ భూమిలో గుడారానికి కూడా అన్ని వైపులా కనబడేలా 144 చదరపు అంగుళాలు, అంటే అడుగు చదరం గుడ్డంత, ఆ రంగు కట్టాలి. జింకకి నారింజ రంగు మనకి కనబడినట్టు కనబడదులే. తోటి వేటగాడికి మాత్రం కనబడాలి.

మరి మంచెకి విలువ లేదా అంటే ఉంది. పైనుంచి చూపు దూరం పోతుంది. మన వాసన కొంతైనా జింక ముక్కుకి అందకుండా పైనుంచి పోతుంది. గుండు కిందికి దిగి నేలలో ఆగుతుంది. గుడారంలోంచి కాల్చేటప్పుడు గుండు అడ్డంగా పోతుంది కాబట్టి జింక వెనకాల ఏముందో ఒకటికి రెండుసార్లు చూడాలి. ఇన్ని తెలిసీ నేను వద్దంటున్నది పడిపోవడం గురించే.

నేను పడ్డాను. వేట మొదలుపెట్టిన మూడో ఏట, ఒక సాయంత్రం దిగుతుంటే మంచు పట్టిన మెట్టు మీద కాలు జారి, ఆరడుగుల మీంచి కింద పడ్డా. మడమ వాచిపోయింది. ఫోనేమో పైన కొక్కేనికి తగిలించిన సంచిలో ఉంది. పైకెళ్లాక హార్నెస్, అంటే పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు, తగిలించుకుని, దిగేటప్పుడు ముందే విప్పేశాను. అదీ నేను చేసిన తప్పు. మాది నల్గొండ వైపు. తాళ్లెక్కే గౌడన్నలు మోకు లేకుండా కాలు పైకి పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మోకుతో ఎక్కినా ఎంతమంది పడ్డారో మనకి తెలుసు. అందుకే 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకి సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నువ్వూ నేల మీద ఉండగానే చెట్టుకి పైనుంచి కిందిదాకా కట్టిన లైఫ్‌లైన్ తాడుకి క్లిప్పు వెయ్యి, మళ్లీ నేల తగిలాకే తియ్యి. నడుముకి మాత్రమే వేసే పాత బెల్టు వద్దు, భుజాలూ తొడలూ పట్టే హార్నెస్ కొను. పడి వేలాడుతుంటే కాళ్లలో రక్తం ఆగిపోకుండా పాదం పెట్టుకోవడానికి ఒక పట్టీ ఉంటుంది, అదీ జేబులో పెట్టుకో. గుండ్లు తీసేసిన తుపాకీని తర్వాత తాడుతో పైకి లాక్కోవాలి, భుజాన వేసుకుని ఎక్కొద్దు.

చెట్టు కూడా చూసుకోవాలి. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఒక పచ్చ పురుగు మా వైపు యాష్ చెట్లనీ తినేసింది. నిలువునా నిలబడే ఉంటాయి, లోపల పెళుసు. వాటికి స్టాండ్ కట్టొద్దు. డీఎన్నార్, అంటే రాష్ట్ర సహజ వనరుల శాఖ భూముల్లో చెట్టుకి మేకులు, స్క్రూ మెట్లు కొట్టడం నిషేధం. ఆ భూముల్లోనే, రాష్ట్రానికి అడ్డంగా తూర్పు పడమరలుగా పోయే హైవే 64కి దక్షిణాన, స్టాండైనా బ్లైండైనా రోజూ సాయంత్రం విప్పి తెచ్చుకోవాల్సిందే.

ఇంకోటి, ఖాళీగా ఉంది కదా అని ఎవరి స్టాండూ ఎక్కకు. 2004 నవంబరులో ఇదే రాష్ట్రపు ఉత్తరాన, ప్రైవేటు భూమిలో ఎవరిదో స్టాండ్ ఎక్కి కూర్చున్న ఒక వలస వేటగాడికీ ఆ భూమివాళ్లకీ మాటామాటా పెరిగింది. అతను కాల్చిన తూటాలకి ఆరుగురు చనిపోయారు. హద్దు తెలియకపోతే వెనక్కి రా. ఎవరైనా ఇది మా భూమి అంటే సారీ చెప్పి కదులు, వాదన వద్దు.

మంచెకైనా మాటుకైనా గాలి ఒకటే. జింక వచ్చే వైపు నుంచి గాలి నీ మొహానికి తగలాలి. మనకి ఇంకో చిక్కు ఉంది, పోపు వాసన. వేట కోటు వంటింటి పక్కన తగిలిస్తే ఇంగువా జీలకర్రా అరమైలు ముందే నీ పేరు చెప్పేస్తాయి. దాన్ని గ్యారేజీలో పెట్టు. బట్టల్ని మెరిపించే సబ్బు వాడకు, మనకి కనబడని ఆ మెరుపు జింక కంటికి తెలుస్తుంది.

ఈ ఏటికి ఏమీ కొనకు. మా గ్యారేజీలో ఇద్దరు పట్టే గుడారం ఉంది, శనివారం వచ్చి తీసుకుపో. తెరవడం రెండు నిమిషాల పని. మడిచి మళ్లీ సంచిలో దూర్చడం మాత్రం నాకు పదకొండేళ్లుగా సరిగ్గా రాలేదు, ఆ పని మా ఆవిడ నేర్పిస్తుంది.