తప్పు సీరియల్‌దా, టీవీదా?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఈమధ్య చూసిన సీరియళ్లు, వెబ్ సిరీస్‌ల మీద పాఠకుల అభిప్రాయాలే. కొన్ని తిట్లు ఆ కార్యక్రమాలకు న్యాయంగా దక్కాల్సినవి. మరికొన్ని గోడకున్న టీవీకి దక్కాలి. ఏది ఎవరికో చూద్దాం.

ప్రశ్న: పాత టీవీ తీసేసి 55 అంగుళాలది కొన్నాం. అందరూ మెచ్చుకున్న ఒక థ్రిల్లర్ సిరీస్ పెడితే అచ్చం డైలీ సీరియల్‌లా ఉంది. నటులు కూడా నాటకం వేస్తున్నట్టే కనిపించారు. అంత గొప్పగా ఏముందని పొగిడారు? – తణుకు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: సిరీస్‌ను ఇప్పుడే కొట్టిపారేయకండి. సినిమాలు, వెబ్ సిరీస్‌లు మామూలుగా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. మీ టీవీ తెర సెకనుకు 60 సార్లో 120 సార్లో మారుతుంది. మధ్యలో ఉన్న ఖాళీని నింపడానికి టీవీ తనకు తానే ఊహించి కొత్త ఫ్రేములు తయారుచేసి జొప్పిస్తుంది. దాంతో కదలిక నూనె రాసినట్టు జారిపోతుంది. వీడియో కెమెరాలతో తీసిన సీరియళ్లలో కదలిక మొదటినుంచీ అలాగే ఉండేది కాబట్టి, ఆ నునుపు కనపడగానే మన కంటికి 'సీరియల్' అనిపిస్తుంది. నటన మారలేదు, కదలిక మారింది.

దీని పేరు కంపెనీకొకటి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, సామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ లేదా ఆటో మోషన్ ప్లస్. పిక్చర్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ లేదా ఎక్స్‌పర్ట్ అన్నచోట ఉంటుంది. పూర్తిగా ఆఫ్ చేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది ఎంచుకున్నా చాలు, దీన్ని కూడా అదే ఆపేస్తుంది. ఓఎల్ఈడీ తెరల్లో (ప్రతి చుక్కా తనంత తానే వెలిగే రకం) పూర్తిగా ఆపితే కెమెరా పక్కకు జరిగే షాట్లు తడబడినట్టు ఉండొచ్చు. అప్పుడు డీ-జడ్డర్ అనే గీతను 10లో 2 దగ్గర ఉంచండి, అంతకు మించొద్దు.

చాలామంది పొరపాటు పడేది ఆ తర్వాత. ఒకచోట ఆపి అంతటా ఆగిపోయిందనుకుంటారు. సెట్‌టాప్ బాక్సు ఉన్న హెచ్‌డీఎంఐకి, టీవీలోని యాప్‌లకు, హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే పద్ధతి) వచ్చే సిరీస్‌లకు ఈ సెట్టింగ్ చాలా టీవీల్లో విడివిడిగా ఉంటుంది. ఆ సిరీస్ ఆడుతుండగానే మెనూ తెరిచి మార్చండి. పని జరిగిందో లేదో తెలియాలంటే, నడుస్తున్న మనిషి చేతుల అంచు చూడండి. చేతి చుట్టూ నీళ్లలో కదిలినట్టు చెదిరిన గీత ఉంటే ఇంకా ఆగలేదన్నమాట.

ప్రశ్న: వెబ్ సిరీస్‌లో మాటలు గుసగుసల్లా, ఫైటింగులు బాంబుల్లా. రిమోట్ చేతిలోంచి దిగడం లేదు. సౌండ్ ఇంజినీరుకు చెవులు లేవా? – హనుమకొండ

జవాబు: ఉన్నాయి, కానీ ఆయన ముందు కనీసం ఆరు స్పీకర్లు కూడా ఉంటాయి. 5.1 మిక్స్‌లో మాటలకు మధ్యన ఒక ప్రత్యేకమైన స్పీకరు. మీ టీవీకి కింది వైపో వెనక్కో తిరిగిన రెండు చిన్న స్పీకర్లు. ఆరింటి శబ్దాన్ని రెండింట్లో కుక్కితే మాట అడుగున పడిపోతుంది.

ముందు ఒక పరీక్ష చేయండి. అదే సీను ఫోన్‌లో, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మాట స్పష్టంగా ఉంటే తప్పు టీవీది. అక్కడా అర్థం కాకపోతే సిరీస్‌దే. షూటింగ్‌లోనే మాట రికార్డు చేసే పద్ధతి వచ్చాక కొందరు నటులు నోట్లో నోట్లో గొణుగుతున్నారు. సీరియళ్లకు ఆ బాధ లేదు. వాటిలో మాట స్టూడియోలో మళ్లీ చెబుతారు, అందుకే వంటింట్లో ఉన్నా వినపడుతుంది.

టీవీదే అయితే, యాప్‌లో ఆడియో మెనూ తెరిచి 5.1 అని లేని మామూలు ట్రాక్ ఎంచుకోండి. సెట్‌టాప్ బాక్సులో డాల్బీ తీసి స్టీరియో పెట్టండి. టీవీలో సరౌండ్ ఆపేసి, క్లియర్ వాయిస్, వాయిస్ జూమ్ లాంటి పేరున్నది ఆన్ చేయండి. ఈక్వలైజర్ (బొంగురు, సన్నని శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) ఉంటే 100 హెర్ట్జ్ దగ్గర మూడు మెట్లు దించి, 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య మూడు మెట్లు పెంచండి. హల్లులు స్పష్టంగా వినపడేది ముఖ్యంగా ఆ ప్రాంతంలోనే. వాల్యూమ్ పెంచడం మందు కాదు, దాంతో బాంబు కూడా పెరుగుతుంది. సౌండ్‌బార్ కొనాలనుకుంటే 2.1 కన్నా 3.1 మేలు. ఆ మూడోది మాటల స్పీకరే.

ప్రశ్న: యాడ్ రాగానే ఇల్లు అదిరిపోతుంది. కావాలనే పెంచుతారా? – బళ్లారి

జవాబు: శబ్దం అత్యధిక స్థాయి సీరియల్‌లోనూ యాడ్‌లోనూ దాదాపు ఒకటే ఉంటుంది. సీరియల్‌లో శబ్దం లేస్తూ పడుతూ ఉంటే, యాడ్‌లో మొత్తం నొక్కిపెట్టి మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా పైఅంచునే ఉంచుతారు. ప్రకటనలు మరీ బిగ్గరగా ఉండకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. అయినా చేతిలో పని ఆటో వాల్యూమ్ ఆన్ చేసుకోవడం. సినిమా చూసేటప్పుడు మాత్రం అది తీసేయండి, ఎత్తుపల్లాలన్నీ చదును చేసేస్తుంది.

ప్రశ్న: హిందీ నుంచి తెలుగులోకి డబ్ చేసిన సిరీస్ చూశాం. కథ బాగుంది కానీ పెదాలొక దారి, మాటొక దారి. డబ్బింగ్ ఇంత నిర్లక్ష్యమా? – రాజమహేంద్రవరం

జవాబు: ముందు తలుపు ధడాలున వేసే సీను చూడండి. ఆ చప్పుడు కూడా ఆలస్యంగా వస్తే డబ్బింగ్‌ను తిట్టి లాభం లేదు. సౌండ్‌బార్ బ్లూటూత్‌లో కలిపి ఉంటే సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే వెనకబడుతుంది. తీగతో, టీవీకి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ అని రాసున్న చోట కలపండి. టీవీలోని ఆడియో డిలే గీత చాలా సెట్లలో శబ్దాన్ని ఇంకా వెనక్కి మాత్రమే నెడుతుంది, ముందుకు తేలేదు. కాబట్టి మాట వెనకబడితే అది సున్నాలో ఉండాలి.

తలుపు చప్పుడు సరిగ్గా ఉండి మాటే తేడాగా ఉంటే అది రాతలోని లోపం. డబ్బింగ్ రచయిత మొదట వెతికేది పెదాలు మూసుకునే చోట్లు: ప, బ, మ. తర్వాత మాట పొడవు. 'హమ్ నహీ జాయేంగే' అన్నదానికి అర్థం 'మేం వెళ్లం'. కానీ హిందీ వాక్యానికి ఆరు అక్షరాల నిడివి, తెలుగుకు మూడే. పైగా 'వెళ్లం' దగ్గర పెదాలు మూతపడాలి, తెర మీద నోరు తెరిచే ఉంది. అదే 'మేం వెళ్లేదే లేదు' అంటే 'హమ్' పెదాల మీద 'మేం' కూర్చుంటుంది, నిడివి ఆరే, చివర నోరు తెరిచే ఉంటుంది. మంచి డబ్బింగ్ ఇలా కుదురుతుంది. కుదరనిచోట 'మరి', 'అబ్బా' లాంటివి ఇరికిస్తారు. డబ్బింగ్ భాషకు ఆ వింత వాసన సగం అందుకే. మీకది భరించలేనంతగా ఉంటే హిందీ ఆడియో, తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

ప్రశ్న: 'ఇంటింటి గృహలక్ష్మి' పాత ఎపిసోడ్లు చూస్తున్నాను. మా కోడలు హిందీలో 'అనుపమా' చూస్తుంది. కథ ఒక్కటే. తెలుగువాళ్లు హిందీని కాపీ కొట్టారని ఆవిడ, కాదని నేను. – పుణె నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఇద్దరూ సగం సగం. తెలుగుది 2020 ఫిబ్రవరిలో మొదలైంది. హిందీది లాక్‌డౌన్ వల్ల ఆగి ఆ జులైలో వచ్చింది. రెండింటికీ మూలం 2019లో స్టార్ జల్సాలో మొదలైన బెంగాలీ సీరియల్ 'శ్రీమయి'. మూడు ఛానెళ్లూ ఒకే నెట్‌వర్క్‌వి కాబట్టి కాపీ అన్న మాటే రాదు. తమిళం, మలయాళం, మరాఠీల్లోనూ ఆ తల్లి కథే వచ్చింది. బెంగాలీది 2021 డిసెంబరులో ముగిసింది, తెలుగుది 2024 జనవరి దాకా సాగింది. అంటే చివరి రెండేళ్లూ వెనక నడవడానికి మూలమే లేదు. కథ దారి తప్పిందని మీకెక్కడ అనిపిస్తుందో ఆ తేదీ చూసుకోండి.

ప్రశ్న: ఒక చెంపదెబ్బ మూడుసార్లు, ఆ తర్వాత ఇంట్లో పదిమంది ముఖాలు ఒక్కొక్కటీ. మా ఇంటిల్లిపాదీ తిట్టుకుంటూనే చూస్తాం. మాలాంటివాళ్లు ఇంతమంది ఉండగా రేటింగులు ఎలా వస్తున్నాయి? – నరసరావుపేట

జవాబు: మీలాంటివాళ్లు ఉన్నారు కాబట్టే. రేటింగ్ అభిప్రాయాన్ని కొలవదు, నిమిషాలను కొలుస్తుంది. ఈ లెక్క తీసే బార్క్ సంస్థ దేశంలో 55,000కు పైగా ఇళ్లలో మీటర్లు పెట్టింది. 2020 అంచనా ప్రకారం టీవీ ఉన్న ఇళ్లు 21 కోట్లు, అంటే దాదాపు 3,800 ఇళ్లకు ఒక మీటరు. ఛానెల్ తన శబ్దంలో మనకు వినపడని గుర్తు ఒకటి కలుపుతుంది, మీటరు దాన్ని పట్టుకుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక బటన్ ఉంటుంది, టీవీ ముందుకొస్తే అది నొక్కాలి. శనివారం నుంచి శుక్రవారం దాకా ఒక వారం, దాని లెక్క తర్వాతి గురువారం బయటికి వస్తుంది.

ఆ లెక్కలో ప్రతి నిమిషం చూసినవాళ్లను కూడి సగటు తీస్తారు. అరగంట కార్యక్రమంలో పది నిమిషాలు చూసి లేచిపోయిన మనిషి మూడో వంతు మనిషే. అందుకే చెంపదెబ్బ కొట్టిందెవరో బ్రేక్‌కు ముందు చెప్పరు, బ్రేక్ తర్వాత చెబుతారు. అరగంటలో యాడ్లు పోను మిగిలేది 22 నిమిషాలు. నిన్నటి కథ, టైటిల్స్, రేపటి ముక్క పోగా ఇంకా తగ్గుతుంది. వారానికి ఆరు రోజులు అది నిండాలి. ఒక డైలాగుకు పదిమంది ముఖాలు నాలుగేసి సెకన్లు చూపిస్తే 40 సెకన్లు ఖర్చు లేకుండా గడిచిపోతాయి. కొత్త సెట్టు అక్కర్లేదు, డైలాగు రాయక్కర్లేదు, డబ్బింగ్ కూడా లేదు. ముఖాలు తిప్పడం దర్శకుడి చేతకానితనమని చాలామంది అంటారు. నిజానికి అది పొదుపు. దెబ్బను మూడుసార్లు చూపించడం మాత్రం నా లెక్కలో బద్ధకమే.

కథ వదల్లేకపోతే మర్నాడు యాప్‌లో చూడండి. టైటిల్స్ అయ్యాక మొదలుపెట్టి, ముఖాలు తిరగడం మొదలవగానే పది సెకన్ల బటన్ నాలుగుసార్లు నొక్కండి. ఎపిసోడ్ పన్నెండు, పదమూడు నిమిషాల్లో తేలుతుంది, కథలో ఏమీ పోదు.

ప్రశ్న: మా ఇంట్లో ఆ మీటరు పెట్టించుకోవాలంటే ఎవరికి అర్జీ పెట్టాలి? – నరసరావుపేట, అదే ఇంటి నుంచి

జవాబు: ఎవరికీ కాదు. ఇళ్లను వాళ్లే ఎంచుకుంటారు, ఎంచుకున్న ఇళ్ల వివరాలు రహస్యంగా ఉంచుతారు. మీటరు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి, అది అమ్మే వస్తువు కాదు.