ఏటీపీ అయిపోకముందే కండరంలో పొటాషియం చానెళ్లు ఎందుకు తెరుచుకుంటాయి?

ఈ ప్రశ్న అడుగుతూ అసలు చిక్కు మీరు సరిగ్గా పట్టుకున్నారు. ఇది కణానికి శక్తినిచ్చే అణువైన ఏటీపీ తగ్గితే తెరుచుకునే చానెల్, అంటే పొటాషియం వెళ్లే ద్వారం, అని పుస్తకంలో ఉంటుంది. కానీ ఎంత పరిగెత్తినా కండరంలో ఏటీపీ అడుగంటదు. మరి చానెల్ తెరుచుకునేదెలా? నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతాను. ఈ సందేహం అడిగే విద్యార్థి కనిపిస్తే ఆ రోజు క్లాసు చెప్పడం నాకు పండగే.

ఈ కే-ఏటీపీ చానెల్‌ను 1983లో జపాన్ శాస్త్రవేత్త అకినోరి నోమా గుండె కండరంలో కనిపెట్టారు. 1985 నాటికి కప్ప కాలి కండరంలోనూ ఉందని తేలింది. పొటాషియం వెళ్లే దారి నాలుగు కిర్6.2 ప్రోటీన్లది, వాటి చుట్టూ నాలుగు సర్2ఏ ప్రోటీన్లు. ఏటీపీ కిర్6.2కి అతుక్కుంటే దారి మూసుకుంటుంది. విశ్రాంతిలో ఉన్న కండరంలో ఏటీపీ 5 నుంచి 8 మిల్లీమోలార్ ఉంటుంది. చానెల్‌ను మూసి ఉంచడానికి అందులో చాలా చిన్న వంతు చాలు. ఏటీపీ సగానికి పడినా, ఆ లెక్కన దారి మూసే ఉండాలి.

చానెల్‌ను తెరిపించేవి ఏటీపీ ఖర్చు వెంట వచ్చే మార్పులు. శ్రమ పెరిగేకొద్దీ, ఏటీపీ ఖర్చయ్యాక మిగిలే ఏడీపీ పోగవుతుంది. అది మెగ్నీషియంతో కలిసి సర్2ఏని పట్టుకుని చానెల్‌ను తెరిచే వైపు నెడుతుంది. కణంలో పీహెచ్ 7 దగ్గర్నుంచి 6.5 వైపు దిగుతుంది, అంటే ఆమ్లత్వం పెరుగుతుంది. ఆ ఆమ్లత్వంలో చానెల్ మీద ఏటీపీ పట్టు సడలుతుంది. పైగా కండర కణం పొరలో ఈ చానెళ్లు కోకొల్లలు. వాటిలో కొద్ది శాతం తెరుచుకున్నా ప్రభావం కనిపిస్తుంది.

తెరుచుకున్నాక పొటాషియం బయటికి పోతుంది, సంకోచాన్ని మొదలుపెట్టే విద్యుత్ సంకేతం (యాక్షన్ పొటెన్షియల్) కురచవుతుంది, లోపల క్యాల్షియం తక్కువగా విడుదలవుతుంది, బలం తగ్గుతుంది. కండరాన్ని లాగే మయోసిన్ ప్రోటీన్‌కీ, విడుదలైన క్యాల్షియంను తిరిగి సర్దే పంపుకీ అయ్యే ఏటీపీ ఖర్చు కూడా తగ్గుతుంది. కాబట్టి అలసటలో కొంత భాగం కణం తనంతట తాను వేసుకున్న బ్రేక్ అని నేను గట్టిగా నమ్ముతాను.

దీన్ని నేను కళ్లారా చూసింది ఎలుక కాలి కండరం మీద పనిచేసినప్పుడు. ఆక్సిజన్ బుడగలు వదులుతున్న ద్రావణంలో కండరాన్ని వేలాడదీసి, షాకులిస్తూ అలసిపోనిచ్చేవాళ్లం. మామూలుగా ఒక్కో సంకోచం ఎత్తు తగ్గుతూ వచ్చినా, మధ్యలో కండర బలాన్ని నమోదు చేసే గీత దాదాపు కింది మట్టానికి దిగేది. చానెల్‌ను మూసే గ్లైబెన్‌క్లమైడ్ కలిపిన రోజు సంకోచాల మధ్య కూడా గీత పైనే ఆగిపోయేది. కండరం పూర్తిగా సడలడం లేదన్నమాట. షాకులు ఆపాక బలం తిరిగి రావడమూ మందకొడిగానే ఉండేది. పాత కప్ప కండరం ప్రాక్టికల్స్‌లో మసి కాగితం మీద అలసట గీత చూసినవాళ్లకు ఆ మట్టం లేవడం వెంటనే అర్థమవుతుంది. కిర్6.2 జన్యువు తీసేసిన ఎలుకల్ని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించినప్పుడు వాటి కండర తంతువులు దెబ్బతిన్నాయి.

మీ నాన్నగారు వాడే షుగర్ మాత్ర కూడా గ్లైబెన్‌క్లమైడే, దానివల్ల కండరాలకు ఇబ్బందా అన్నారు. అది ప్యాంక్రియాస్‌లో కిర్6.2, సర్1 జోడీ ఉన్న చానెల్‌ను మూసి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మామూలు నడకలో కండరంలోని చానెళ్లు ఎలాగూ దాదాపు మూసే ఉంటాయి. పైగా మేం ద్రావణంలో కలిపిన మందుకీ, మాత్ర వేసుకుంటే కండరానికి చేరే మందుకీ పోలిక లేదు. కాళ్లు నొప్పులంటే డాక్టరుకి చెప్పండి, మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపించకండి. ఆ మందుతో ముందు చూసుకోవాల్సింది షుగర్ మరీ పడిపోకుండా, అందులోనూ పెద్దవాళ్లు భోజనం మానేసిన పూట.